చిల్లులు పడ్డ పళ్ళెం

ఆసుపత్రి ల్యాబులో క్రిములు పెంచే గాజు పళ్ళాలు కడిగే ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ ఆవిడ తళతళక్క. ఇరవై రెండేళ్ళుగా అదే తొట్టి, అదే బ్రష్షు. పళ్ళాలను ముందు ఆవిరి డబ్బాలో ఉడికించి క్రిములను చంపుతుంది, తర్వాత మొహం కనపడేదాకా తోముతుంది. ఆమె కడిగిన గాజులో మరక చూపించినవాడు ఇంకా పుట్టలేదు.

అక్షరం ముక్క రాకపోయినా పళ్ళెం చూసి మంచీ చెడూ చెప్పేది. క్రిముల పొర మీగడలా సమంగా పరుచుకుంటే మంచి పళ్ళెం. మధ్యలో గుండ్రటి చిల్లులు పడితే పాడైన పళ్ళెం. అలాంటిది కంటపడితే పెద్ద డాక్టరు అందరి ముందూ దులిపేసేవాడు. ఆయన రిటైరై ఏడాదైంది గాని, ఆ కోపం గుర్తుంచుకునే బాధ్యత తళతళక్క తన మీద వేసుకుంది.

ఆ సోమవారం పొద్దున క్రిములు పెరిగే వెచ్చని పెట్టె తుడవబోతే లోపల కొత్త డాక్టరమ్మ పెట్టిన పళ్ళెం ఉంది. దాని నిండా చిల్లులే. పాపం, చిన్నపిల్ల, వచ్చి మూడు నెలలు కాలేదు, ఎవరైనా చూస్తే చీవాట్లు తింటుందని తళతళక్క మనసు కరిగింది. చప్పుడు చేయకుండా దాన్నీ, పక్కనున్న మురికినీళ్ళ సీసానీ ఆవిరి డబ్బాలో పెట్టేసింది. మంచిపని చేశానని ఆ రోజంతా హాయిగా ఉంది కూడా.

మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చి పెట్టె తెరిచింది. తెరిచిన తలుపు వదలకుండా అడిగింది. "అక్కా, ఇందులో పళ్ళెం ఏమైంది?"

"పాడైపోయిందమ్మా. ఎవరూ చూడకముందే తీసేశాను."

డాక్టరమ్మ స్టూలు మీద కూలబడింది. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చింది. క్రిములను తినే వైరసులు కొన్ని ఉంటాయి. మురికి కాలువల్లో వెతికితే దొరుకుతాయి. ఏ మందుకూ లొంగని క్రిమిని కూడా ఒక్కోసారి అవి తినేస్తాయి. తిన్నచోట పొరలో చిల్లు పడుతుంది. రెండు నెలలుగా ఆమె వెతుకుతున్నది ఆ చిల్లుల కోసమే. ఆ వైరసు ఉన్నది ఆ పళ్ళెంలోనూ, పక్కనున్న సీసాలోనూ మాత్రమే.

"అది ఎవరి క్రిమి?" అని తళతళక్క అడిగింది.

"మీ తమ్ముడి కాలి పుండులోది. లేనిపోని ఆశ పెట్టకూడదని మీకు చెప్పలేదు. పనిచేసేదని ఖాయంగా చెప్పలేను, అక్కా. కాలు తీసేముందు ఒకసారి వాడి చూద్దామని పై డాక్టర్లను అడుగుదామనుకున్నాను, అంతే."

తమ్ముడు దర్జీ, ఇదే ఆసుపత్రి పై అంతస్తు వార్డులో ఉన్నాడు. కుట్టుమిషను తొక్కే కుడికాలు అది. పుండు పైకి పాకుతోందని, గురువారం కాలు తీసేస్తామని పై అంతస్తులో అప్పటికే చెప్పారు.

ఆ సాయంత్రమే ఇద్దరూ ఆసుపత్రి చుట్టూ ఉన్న కాలువలన్నీ తిరిగి సీసాలు నింపారు. మంగళవారం పళ్ళెం మీగడలా సమంగా ఉంది. బుధవారం కూడా అంతే. అంత మంచి పళ్ళాలలో తళతళక్క చిల్లు కోసం వెతికింది. గురువారం కాలు తీసేశారు.

శనివారం డాక్టరమ్మ పిలిచి ఒక పళ్ళెం వెలుతురుకి ఎత్తి చూపింది. చిల్లులు. తళతళక్క వాటిని లెక్కపెట్టబోయింది. ఇరవై రెండేళ్ళలో ఇలాంటివి ఎన్ని ఉడికించిందో, అవన్నీ ఎవరెవరివో అనుకుంది. తొట్టి అంచు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది.

తర్వాత వార్డుకు వెళ్ళి తమ్ముడికి జరిగింది జరిగినట్టు చెప్పింది. అతను దుప్పటి ఖాళీగా పడి ఉన్న వైపు చూశాడు.

"చిల్లు కనపడితే నేనూ ఊరుకోను కదక్కా," అన్నాడు. "కుట్టేస్తాను."

ఆమె చెయ్యి చాచింది. అతను దాన్ని పట్టుకోలేదు. దుప్పటి అంచులో ఊడిన దారం ఒకటి కనపడితే దాన్ని వేలికి చుట్టుకుంటూ ఉండిపోయాడు.