బావుల ఏసేపు క్యారెట్ మడి

మైదుకూరుకు ఐదారు మైళ్ళ దూరంలో ఉన్న గుండ్లవంకపల్లెలో ఏసేపు ఇల్లెక్కడ అని అడిగితే, ఏ ఏసేపు అని ఎదురు అడుగుతారు. బావుల ఏసేపు అంటే మాత్రం దారి చూపిస్తారు. పన్నెండో ఏట తండ్రి వెంట బావిలోకి దిగిన మనిషి, నలభై దాటేదాకా ఆ పనిలోనే ఉన్నాడు. చుట్టుపక్కల ఊళ్ళలో నలభై మూడు బావులు తవ్వాడు. భార్య జీవమ్మ గట్టున మట్టి తట్టలు అందుకుని మోసేది. ఒకచోట బండకు పెట్టిన తూటా ఆలస్యంగా పేలి అతని ఎడమ చెవికి వినికిడి పోయింది. అప్పట్నుంచి ఎవరు మాట్లాడినా కుడి చెవి వాళ్ళ వైపు తిప్పి కూర్చుంటాడు.

తర్వాత బోరు లారీలు వచ్చాయి. రెండు నెలల పని అవి ఒక్క పూటలో ముగించేవి. ఏసేపును పిలిచేవాళ్ళు తగ్గిపోయి, చివరికి లేకుండా పోయారు. కొన్నేళ్ళు ఉపాధి పనికి పోయాడు. ఒళ్ళు సహకరించడం మానేశాక చర్చి ఊడ్చి గంట కొట్టే పనిలో కుదిరాడు.

అతనికి అరవై రెండేళ్ళప్పుడు ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, ఉద్యాన శాఖ సహాయకురాలు నాగజ్యోతి చర్చి ముందర నిలబడి, జనవరి ఆఖర్లో కడపలో పెట్టే కూరగాయల ప్రదర్శన గురించి చెప్పింది. పసుపు, ఉల్లి, అరటి పండించేవాళ్ళు పేర్లు ఇచ్చారు. క్యారెట్ కాడికి వచ్చేసరికి ఎవరూ పేరు ఇవ్వలేదు.

"అది మన నేలకు రాదులే, ప్రతి ఏడూ మన పక్కనుంచి ఆ గడి ఖాళీగానే ఉంటాది" అని ఆమె కాగితం మడిచింది.

"ఎందుకు రాదమ్మా?" అన్నాడు ఏసేపు.

"పైన నల్లరేగడి, కింద రాయి. గడ్డ యాడికి దిగుతాది తాతా?"

"దిగేటట్టు చేస్తే?"

నాగజ్యోతి నవ్వి, సంచిలోంచి ఒక విత్తనాల పొట్లం తీసి ఇచ్చింది.

మొదటి ఏడు అతను అందరూ వేసినట్టే ఇంటి వెనక మడి కట్టి చల్లాడు. పీకి చూస్తే ఒక్కటీ తిన్నగా లేదు. కొన్ని రెండు కాళ్ళుగా చీలాయి, కొన్ని చేతివేళ్ళలా ఐదు పాయలుగా పోయాయి. పక్కింటి ఓబుళేశు ఒకదాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఏమప్పా ఏసేపూ, దీనికి నిక్కరు కుట్టించాల్సిందేనా?" అన్నాడు. ఏసేపు ఆ సంవత్సరం ప్రదర్శనకు పోలేదు.

ఆ ఎండాకాలం అతను మడిని తవ్వడం మొదలుపెట్టాడు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. పైన అడుగు రేగడి. ఆ కింద గులకరాళ్ళ గరుసు. దాని కింద నాపరాయి చెక్కలు. నడుము లోతుకు పోయాక ఆపాడు. వచ్చిన మట్టినంతా ఇనుప జల్లెడకేసి రాయిని వేరు చేశాడు. ఊరి పక్క పారే వంకలోంచి ఇసుక మోసుకొచ్చాడు. పచ్చి ఎరువు తగిలితే వేరు చీలుతుందని నాగజ్యోతి చెప్పింది. అందుకని రెండేళ్ళు మాగిన ఎరువు కోసం ఓబుళేశు దిబ్బ అడుగు దాకా వెతికాడు.

జీవమ్మ గుంత అంచున నిలబడి చూసింది.

"ఏం చేస్తాండావు? గడ్డలు పెడతాండావా, మనల్ని పెడతాండావా?"

"నువ్వు తట్ట అందుకో" అన్నాడు ఏసేపు.

ఆమె గొణుక్కుంటూనే తట్ట అందుకుంది. అరవయ్యేళ్ళకు దగ్గరపడిన ఆమెకు తట్ట నెత్తికెత్తుకునే పద్ధతి మరుపు రాలేదు.

గుంత నింపాక అతను గడ్డపార తీసుకుని, మడిలో జానెడు దూరానికొకటిగా పొడిచి గుండ్రంగా తిప్పాడు. పైన వెడల్పుగా, కిందికి పోయేకొద్దీ సన్నగా, మోచేతి పొడవు బొరియలు పడ్డాయి. వాటిని జల్లించిన మట్టి, ఇసుకలతో నింపి, ఒక్కోదానిలో మూడేసి గింజలు వేశాడు. అక్టోబరు మధ్యలో వేయమని నాగజ్యోతి చెప్పింది. ఏసేపు సెప్టెంబరులోనే వేశాడు. ఎక్కువ దినాలుంటే ఎక్కువ లోతు దిగుతుందని అతని లెక్క. ఎండకు గింజ మాడకుండా మడి మీద తడి గోనెసంచులు పరిచి, పూటపూటా నీళ్ళు చిలకరించాడు. పన్నెండో రోజున మొలకలు కనిపించాయి. మూడింటిలో బలమైనది ఉంచి తక్కినవి గిల్లేశాడు. నవంబరులో తుపాను వాన పట్టినప్పుడు గడ్డలు పగలకుండా మడికి టార్పాలిన్ కప్పి, తాను గొడుగు కింద కూర్చున్నాడు.

డిసెంబరు చివర్లో నాగజ్యోతి వచ్చి ఆకులు చూసి, "ముదురుతాయేమో తాతా" అంది. ప్రదర్శనకు ఇంకా నెల ఉంది. ఏసేపు తల ఊపాడు గానీ ఏమీ చెయ్యలేదు. ఇప్పుడే తీస్తే ప్రదర్శన నాటికి వడలిపోతాయి.

ప్రదర్శన ముందురోజు గడ్డలు తీశాడు. ఆకు పట్టి లాగలేదు. లాగితే తోక తెగుతుంది. మడి పక్కన గుంత తవ్వి, గోడను కొద్దికొద్దిగా రాల్చుకుంటూ, ఒక్కో గడ్డనూ పక్కనుంచి బయటికి తీశాడు. ఒకే పొడవున్న ఐదింటిని ఏరి తడి ఇసుక పోసిన చెక్కపెట్టెలో పడుకోబెట్టాడు. బస్సులో పెట్టెను ఒళ్ళోనే పెట్టుకున్నాడు. కడప దాకా జీవమ్మ దాని మూత మీద చెయ్యి వేసి కూర్చుంది.

క్యారెట్ల బల్ల మీద ఆ ఏడు నాలుగు పళ్ళేలున్నాయి. తక్కిన మూడూ మదనపల్లె వైపు రైతులవి. ఏసేపు గడ్డలే అన్నిటికన్నా పొడవు. ఒక్కోటీ మోచేతి పొడవుంది, వెంట్రుకంత సన్నని తోకతో సహా. చూడ్డానికి వచ్చినవాళ్ళు అక్కడ ఆగారు. పరీక్షకు వచ్చిన అధికారి టేపు పెట్టి కొలిచాడు, ఒకదాన్ని తీసి అడ్డంగా కోశాడు. లోపల బొడ్డు వెడల్పుగా, తెల్లగా ఉంది. కత్తి అక్కడ కర్రకు తగిలినట్టు ఆగింది.

"పెద్దాయనా, నార పట్టింది. ఇరవై రోజులు ముందే తీయాల్సింది."

"అంత పొడుగుండాది గదా సార్" అంది జీవమ్మ.

"పొడుగు చూసేది కాదమ్మా, తినేది కదా."

ఏసేపు కుడి చెవి అటు తిప్పి విన్నాడు. అవునన్నట్టు తల ఊపాడు.

మొదటి బహుమతి మదనపల్లె రైతుకు వచ్చింది. అతని గడ్డలు జానెడే, కానీ కోస్తే లోపలి దాకా ఒకే రంగు. ఏసేపుకు ఏ బహుమతీ రాలేదు. పళ్ళేలు సర్దేటప్పుడు ఆ రైతే వచ్చి, తోకలు తెగకుండా ఎట్లా తీశావని అడిగాడు. ఏసేపు నేల మీద వేలితో గీసి, గుంత ఎటు తవ్వాలో, గోడ ఎంత మందం వదలాలో చెప్పాడు. మాట సగంలో ఉండగా ఇంకో ఇద్దరు వచ్చి వంగి చూశారు. వాళ్ళకోసం మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు. జీవమ్మ బస్సుకు వేళయిందని రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక మిగిలిన గడ్డలు తరిగి కూర చేశారు. ఏసేపు చాలాసేపు నమిలాడు.

"ఆ సారు చెప్పింది నిజమే" అన్నాడు.

"నేను మడి కాడ వాసన చూసినప్పుడే అనుకుంటి" అంది జీవమ్మ. "ఈ తూరి నువ్వు దూరం ఉండు. మడి నాది. మెంతికూర వేస్తా."

"అక్టోబరుకు ఖాళీ చెయ్యి మరి."

"చూద్దాం లే."

ఫిబ్రవరిలో ఆమె మెంతులు చల్లింది. మట్టి మెత్తగా ఉండడంతో నాలుగో రోజుకే మొలిచాయి.