తోక కోసిన వార్త

నంద్యాల ఇంకా నాలుగు మైళ్లుందనగా ఆళ్లగడ్డ బస్సు నల్లరేగడిలో దిగబడింది. ఎదురొచ్చిన బండ్లకు దారి ఇవ్వబోయి డ్రైవరు ఎడమ చక్రాలను రోడ్డు అంచు దాటించాడు, అంతే. ఎండాకాలంలో కాలు దూరేంత నెర్రెలు విచ్చే ఆ నేల, రెండు వానలు పడితే చెప్పును కూడా తిరిగి ఇవ్వదు. ఒకప్పుడు ఈ దారిన పోయిన దండ్లు ఎన్ని ఫిరంగులను ఇందులో వదులుకున్నాయో ఎవరూ రాసిపెట్టినట్టు లేదు. చరిత్రలు రాసినవాళ్లు బురదలో నడిచి ఉండరు.

దేవరాజుకు ఆ సంగతులతో పనిలేదు. సాయంత్రం రైలు టపాలో పడాల్సిన కవరొకటి అతని చొక్కా లోపల ఉంది. బస్సును జనానికి వదిలేసి నడక మొదలుపెట్టాడు. నలభై ఆరేళ్ల మనిషి, మోకాళ్లు మాత్రం అరవై దాటినట్టుంటాయి. ఫర్లాంగు పోయేసరికి అదే బస్సు దిగి ముందుగా నడిచిన ముసలాయన ఒకడు మైలురాయి మీద కూర్చుని కనిపించాడు. వేరుశనగ బుడ్డలు తింటూ, పొట్లం కట్టిన ఇంగ్లీషు పేపరు ముక్క మీద పెన్సిలుతో మాటలు కొట్టేస్తున్నాడు.

ఏం చేస్తున్నారని దేవరాజు అడిగాడు, కాసేపు నిలబడే వంక దొరుకుతుందని.

"పదకొండు మాటల హెడ్డింగప్పా ఇది. ఆరు సాలు."

పేరు చెన్నకేశవులట. పుట్టింది ప్యాపిలి. మద్రాసులో ఒక ఇంగ్లీషు పత్రికలో ముప్పై ఏళ్లు వార్తలు దిద్ది, హెడ్డింగులు పెట్టి, కళ్లకు మసక కమ్మాక మానుకున్నాడు. ఇప్పుడు మహానందికి పోతున్నాడు. ఆ మాట విన్నాక దేవరాజు రాయి పక్కన గడ్డిలో కూలబడ్డాడు.

అతనూ ఆ పనివాడే, ఒక రకంగా. ఆళ్లగడ్డ తాలూకా కచేరీ గోడను ఆనుకున్న తడికె పందిరి కింద పద్దెనిమిదేళ్లుగా అర్జీలు రాస్తున్నాడు. నంద్యాల మిషన్ బడిలో నేర్చిన ఇంగ్లీషు అది. రెండేళ్ల కింద కర్నూలు రాజధాని అయ్యేసరికి మద్రాసు పత్రికలకు ఈ జిల్లా మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టింది. వాటిలో ఒకటి, వార్తలు పంపమని అతనికి ఉత్తరం రాసింది. నేర్పేవాడు లేడు. పాత పేపర్లలో హెడ్డింగులు కత్తిరించి దాచి, కింది వార్త చదివి, తానొక హెడ్డింగు కట్టి, దాచిన ముక్కతో పోల్చుకునేవాడు. రెండేళ్లు అట్లా గడిచాక పదింట్లో నాలుగు కలిసేవి.

కలవనిది వార్త. అర్జీ రాసిన చెయ్యి గదా, దానికొక నడక పడిపోయింది. ముందు దొరవారి దయ, తర్వాత వానలూ పంటలూ, చేతులు కట్టుకోవడం పూర్తయ్యాక చిట్టచివర మన కష్టం. పాత రాతి శాసనాలదీ అదే వరస. బిరుదులన్నీ చదివాకే దానమిచ్చిన మడి ఎక్కడుందో తెలుస్తుంది.

కిందటి నెల కొత్తపాలెంలో బావి గట్టు కూలింది. అక్కడున్న క్రైస్తవుల పదహారు ఇళ్లకు అదొక్కటే బావి. నీళ్లు తోడుతున్న సలోమి లోపల పడి చనిపోయింది. ఊరి బావి దగ్గరకు వాళ్లను రానివ్వరు. వంకలో పారే ఎర్రనీళ్లు వడపోసుకుని తాగుతున్నారు. పేపర్లో పడితే కర్నూల్లో పెద్దోళ్లు చూస్తారు, కొత్త బావి వస్తుందని అందరూ ఆశపడ్డారు. దేవరాజు రాశాడు. ముందు వాన, తర్వాత తాసిల్దారుగారి పర్యటన, తర్వాత జొన్న చేల కళ, చివర సలోమి. అచ్చయినవి ఏడు పంక్తులు. జొన్న చేల దగ్గర ఆగిపోయింది.

సలోమి తల్లి హన్నమ్మ పందిరి కిందికి వచ్చి కూర్చుంది. "నా బిడ్డ పేరు యాడుండాదో ఏలుబెట్టి సూపీ నాయనా" అంది. దేవరాజు వేలు కాగితం మీదికి రాలేదు.

అక్కడితో పోలేదు. బావి కోసం పాలెంవాళ్లు పెట్టుకున్న అర్జీని కచేరీ తిప్పి పంపింది. అధికారి చూసి వచ్చారు, అంతా బాగుందని పత్రికే రాసింది, ఇక బావి అక్కరలేదని తాసిల్దారు ఉత్తర్వు. దానికి ఆ ఏడు పంక్తుల ముక్కే గుచ్చి ఉంది.

ఇదంతా విన్న చెన్నకేశవులు కవరు విప్పమన్నాడు. పాలెం బావి గురించి దేవరాజు మళ్లీ రాసిన వార్తను కంటికి దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"సలోమి యాడప్పా ఇందులో?"

"కడాకు ఉండాది."

"కడాకు ఉన్నోళ్లను మేం కోసేస్తాం. సోటు సాలకుంటే సదివేదేముండాది, తోక కోసేదే. ఎంతమందిని అట్ల రెండోసారి పూడ్సినానో నాకే తెల్దు."

ఆ మాట అని ఆయన చేతిలో బుడ్డలు రాయి మీద పెట్టేశాడు. తర్వాత విడమర్చి చెప్పాడు. నెల దాటిన చావు వార్త కాదు. ఇవాళ్టికీ నీళ్లు లేకపోవడం వార్త. బావి ఎవరు వద్దన్నారో అది మొదటి వాక్యం. హెడ్డింగు నువ్వు పెట్టినా మద్రాసులో మారుస్తారు, అయినా పెట్టు, కోసే చేతికి ఏది తల అన్నది తెలుస్తుంది.

దేవరాజు తన కాగితం వెనక్కి తీసుకున్నాడు. తాసిల్దారు పేరు మొదటి వాక్యంలో పడితే కచేరీ గోడకు తన పందిరి నిలవదు. ఈ వయసులో మరో గోడ ఎక్కడ వెతుక్కోవాలి?

ముసలాయన అది కనిపెట్టాడు. "బయపడితే తాసిల్దారును కడాకు పెట్టుకో. మావోళ్లే కోసేస్తారు. నీ పందిరి నీకుంటది."

సులువైన దారే. అట్లా చేస్తే సలోమి పేరు అచ్చవుతుంది, హన్నమ్మకు వేలుపెట్టి చూపొచ్చు. కానీ బావి వద్దన్నది ఎవరో కర్నూలుకు తెలియదు. పాలెం మళ్లీ అర్జీ పెట్టుకుంటుంది, దానికి మళ్లీ తన రాతే ఏదో ఒకటి గుచ్చుకుని వస్తుంది.

దేవరాజు చెయ్యి చాచి పెన్సిలు తీసుకున్నాడు. జేబులో ఎప్పుడూ ఉండే తెల్ల కాగితం ఒకటి తీసి, మోకాలి మీద కవరుకు ఆనించి రాశాడు. మొదటి వాక్యంలో తాసిల్దారు, ఆయన వద్దన్న కొత్త బావి, కూలిన పాత బావిలో చచ్చిపోయిన సలోమి. రెండో వాక్యంలో వంక నీళ్లు. వానలూ జొన్నలూ ఎక్కడా రాలేదు. పైన ఖాళీలో ఆరు ఇంగ్లీషు మాటలు. బావి కూలి ఒక మనిషి పోయింది, ఇంకో బావి ఇవ్వనన్నారని వాటి అర్థం. ఒకటి కొట్టేశాడు. ఐదు సరిపోయాయి.

చెన్నకేశవులు కళ్లద్దాలు తుడుచుకుంటూ ఏదీ, ఒకసారి చూపమన్నాడు.

దేవరాజు అప్పటికే లేచాడు. కొత్త కాగితాన్ని కవరులో పెట్టి, పాత వార్త కాగితాన్ని మైలురాయి మీద వదిలి, ఆయన పెన్సిలును చెవికి దోపుకున్న సంగతి కూడా తెలియకుండా, రైలు టపా కోసం నంద్యాల వైపు నడిచాడు.