మంచుకుక్కకు గొర్రె కోత

నా చిన్నప్పుడు హస్కీ అనే పేరు మా ఊళ్లో ఎవరూ విని ఉండరు. ఇప్పుడు అనంతపురంలో మేముండే వీధిలోనే రెండున్నాయి. పొద్దున్నే వాటిని తిప్పుతూ ఎదురయ్యేవాళ్లు మురిసిపోతూ వాటి ముద్దుపేర్లు చెబుతారు. నేను కుక్కను కాదు, వాళ్లను అనుమానంగా చూస్తాను. నాకు అనుమానం కాస్త ఎక్కువేనని ఇంట్లో అందరూ అంటారు, నేనూ కాదనను. కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం నా అనుమానం ఊరికే పుట్టింది కాదు.

మాది కదిరి దగ్గర పల్లె. గొర్రెలు కాసే ఇల్లు. మా మేనమామ సైన్యంలో ఉండేవాడు. ఒకసారి రెండు నెలల సెలవు మీద వస్తూ, తాను పనిచేసే మంచుకొండల వైపు నుంచి ఒక కుక్కను వెంటబెట్టుకొచ్చాడు. బూడిదరంగు వీపు, తెల్లటి పొట్ట, పైకి చుట్టుకున్న కుచ్చుతోక, నీలం కళ్లు. ఇప్పటి హస్కీలను చూస్తే దానికి దగ్గరి చుట్టాలే అనిపిస్తుంది. సెలవు అయిపోయాక దాన్ని నాకే వదిలి పోతానని మామ మాటిచ్చాడు. నాకప్పుడు పదేళ్లు. ఆ రోజు నుంచి నా కాళ్లు నేల మీద లేవు.

ఊరు మాత్రం దాన్ని నమ్మలేదు. నీలం కళ్ల కుక్క ఇంటికి మంచిది కాదన్నారు. అది మొరిగేది కాదు. సాయంత్రం గొర్రెలు దొడ్డికి చేరే వేళ మెడ ఎత్తి ఊళ పెట్టేది, దాంతో వీధిలో ముసలివాళ్లందరూ ఈసారి వంతు ఎవరిదోనని ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. కొత్తవాళ్లు ఎవరొచ్చినా తోకాడించి చేతులు నాకేది. మా జేజినాయనకు, అంటే మా నాయనను కన్న తాతకు, అది అసలు మింగుడు పడలేదు. కుక్క అన్నాక మంద చుట్టూ తిరిగి కావలి కాయాలి. ఇదేమో మందలో దూరి గొర్రెలను చెల్లాచెదరు చేసి, అదొక ఆటన్నట్టు నవ్వుముఖంతో తిరిగొచ్చేది.

"ఇది కావలికి పనికిరాదు పాపా. దొంగ వస్తే గొర్రెలు యాడుండాయో చూపిచ్చే రకం ఇది" అన్నాడు జేజినాయన.

కట్టేస్తే తాడు కొరికేది. దొడ్డిలో పెడితే చుట్టూ వేసిన ముళ్లకంప కిందుగా నేల తవ్వి బయటపడేది. ఇంటి చుట్టూ గుంతలే. పాతిపెట్టిన సొమ్మును వాసన పట్టిందని ఒకరూ, పీనుగకు గుంత తీస్తోందని ఒకరూ అన్నారు. జేజినాయన ఒక గుంతలో చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచి, "అడుగు చల్లగుండాది. పండుకునేకి తావు చేసుకుంటాంది, అంతే" అని లేచాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా.

అంతలో అది పక్కింటి చిన్నాయన కోళ్లను రెండింటిని చంపింది. ఆయన వరసకే చిన్నాయన, చెనిక్కాయ, అంటే వేరుశనగ, పండించుకునే మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. ఆ రోజు మాత్రం వీధిలో నిలబడి అందరూ వినేట్టు అరిచాడు. "ఇంకొక తూరి నా కోడి జోలికొస్తే దీని తోలు వలిచేస్తా, ముందే చెప్తాండా."

శివరాత్రి దాటింది. మా సీమలో ఆ తర్వాత ఎండ ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు. కుక్క నాలుక వేలాడేసుకుని రొప్పుతూ పడుండేది. సంగటి ముద్ద పెడితే వాసన చూసి ముఖం తిప్పుకునేది. దాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఆ వారమే మా గొర్రెలకు ఉన్ని కోత జరిగింది. మావి నల్ల గొర్రెలు, ఆ ఉన్నితో కంబళ్లు నేస్తారు. కోత అయిన గొర్రె ఒళ్లు విదిలించుకుని, బరువు దిగినట్టు ఎగిరి దుముకుతుంది. అది చూడగానే నాకు తోవ దొరికినట్టనిపించింది. గొర్రెకు పనికొచ్చిన ఉపాయం కుక్కకు ఎందుకు పనికిరాదు? గొర్రెల ఇంట్లో పుట్టిన పిల్లకు అంతకంటే ఏం తోస్తుంది.

పెద్దవాళ్లంతా కదిరి సంతకు పోయిన రోజు, మజ్జిగ కలిపిన సంగటి దాని ముందు పెట్టి, ఉన్ని కత్తెర తీసుకున్నాను. జేజినాయన ఎట్లా కోస్తాడో రోజూ చూస్తున్నదాన్నే. పొట్ట దగ్గర మొదలుపెట్టి వీపంతా చర్మం కనబడేదాకా కోసేశాను. అది ఒక్కసారి కూడా నా మీద తిరగబడలేదు. రాలిన బొచ్చును ఉన్ని గోతం అడుగున కుక్కేశాను. ఎవరైనా చూసి మెచ్చుకునేదాకా దాచిపెట్టి, తర్వాత చెబుదామనుకున్నాను.

మెచ్చుకునే రోజు రాలేదు. ఎవరు కోశారని ఇంట్లో కేకలు మొదలయ్యేసరికి నేను దొడ్డి వెనక్కి జారుకున్నాను. నాలుగు రోజులు తిరిగేసరికి కుక్క వీపంతా ఎర్రగా కమిలి, బొబ్బలు లేచి, తోలు ఊడసాగింది. తాకితే మూలిగేది. తోలు వలిచేస్తానన్న మాట ఊరంతా విన్నదే కదా, అందరి చూపూ చిన్నాయన మీదికి పోయింది. మామ నేరుగా ఆయన గడప దగ్గరికి పోయి అడిగాడు.

"నేను కోపంలో అన్న మాటప్పా అది. నోరులేని దాని మీద చెయ్యేస్తానా?" అన్నాడు చిన్నాయన.

ఎవరూ నమ్మలేదు. మరుసటి రోజు నుంచి ఆయన మా గుమ్మం ముందు నుంచి తల వంచుకుని పోయేవాడు. నేను తలుపు చాటు నుంచి చూస్తూ ఉండేదాన్ని. సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది, అయినా నోరు తెరవలేదు. నిజం చెబితే కుక్కను నాకు ఇవ్వరని భయం. ఎవరు నన్ను చూసినా తెలిసిపోయిందేమోనని అనుమానపడేదాన్ని.

ఒక మిట్టమధ్యాహ్నం జేజినాయన నన్ను మంద వెంట రమ్మన్నాడు. ఎందుకో నాకు అనుమానం తగిలింది. గొర్రెలు మేసే బీట్లో ఒక బండ చూపించి, తల మీద గుడ్డ తీసి అక్కడ కూర్చోమన్నాడు. తాను మాత్రం కంబళి కప్పుకుని పక్కన కూర్చున్నాడు. కాసేపటికే మెడ మంట, భుజాలు మంట. శిక్ష వేస్తున్నాడని తేలిపోయింది నాకు. కానీ ఆయన ముఖంలో కోపం లేదు. ఇక ఓర్చుకోలేనని అనిపించే సమయానికి కంబళి ఎత్తి నన్ను లోపలికి లాక్కున్నాడు. ఉన్ని లోపల ఉక్కగా ఉంటుందనుకున్నాను. ఉక్క ఉంది, కానీ ఒంటిని కొరికే ఎండ మాత్రం లోపలికి రాలేదు.

అప్పుడు ఆయన పిడికిలి తెరిచాడు. అందులో నల్ల ఉన్ని, దానికి చిక్కుకుని తెల్ల బొచ్చు. మా ఉన్ని గోతం కట్టేటప్పుడు దొరికిందట. సంత రోజు ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే కదా. ఆ బొచ్చును వేళ్లతో విడదీసి చూపించాడు. పైన పొడుగాటి గట్టి వెంట్రుకలు, లోపల దూదిలాంటి మెత్తటి పొర.

"రెండు పొరలుండాయి చూడు. మన గొర్రెకు ఇట్ల ఉండదు. దీంట్లో ఏది చలికో, ఏది ఎండకో నాకు తెల్దు. కోస్తే మళ్లా వస్తాదో రాదో అదీ తెల్దు. తెల్దు కాబట్టే అది రొప్పుతాంటే చూస్తా కూడా నేను కత్తెర పట్టలేదు."

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. ఆ బొచ్చును నా చేతిలో పెట్టి, "మీ చిన్నాయనకు కోళ్లు పోయినాయి. ఇప్పుడు మంచి పేరు గూడా పోయింది. అది నువ్వే పోయి ఇచ్చి రావాల" అన్నాడు.

ఆ సాయంత్రం ఒక్కదాన్నే పక్కింటికి పోయాను. చిన్నాయన విత్తనానికి చెనిక్కాయలు ఒలుచుకుంటున్నాడు. నిలబడే అంతా చెప్పేశాను. కొడతాడనుకున్నాను, కనీసం తిడతాడనుకున్నాను. ఆయన ఒలిచే చెయ్యి ఆపి, "ఇప్పుడు కుక్కకు ఎట్లుండాది?" అని అడిగాడు. అన్నాళ్లూ ఆ మాట అడగడానికి కూడా ఆయనకు మా గడప తొక్కే దారి లేకుండా చేశాను నేను. ఆ ప్రశ్నకు కుంగినంతగా నేను దేనికీ కుంగిపోలేదు.

ఆయనే వచ్చి అందరి ముందూ కుక్కను ఎత్తుకుని, విత్తనాలు దాచే తన చల్లటి రాతిగదిలోకి తీసుకుపోయాడు. వీధిలో ఎవరూ అడ్డం రాలేదు. మామ ఆయన చెయ్యి పట్టుకుని క్షమించమన్నాడు. పుండ్లు మానేదాకా నేనూ ఆయనా వంతులేసుకుని తడిగుడ్డ కప్పుతూ కూర్చున్నాం. మామ సెలవు అయ్యేసరికి కుక్క లేచి తిరగసాగింది. మాటిచ్చినట్టే వదిలి పోనా అని మామ అడిగితే, వద్దు, తీసుకుపొమ్మన్నాను. రైలు కదిలాక మూడు రోజులు అన్నం సయించలేదు. తర్వాత వచ్చిన ఉత్తరంలో కుక్క బాగుందనీ, వీపు మీద మాత్రం బొచ్చు మునుపటిలా రాలేదనీ రాశాడు.

మొన్న వేసవిలో కింది వాటాలో ఉండే అమ్మాయి తన హస్కీని వెంటబెట్టుకుని మేడ మీదికొచ్చింది. "అవ్వా, పాపం ఎండకు తట్టుకోలేకుండా ఉండాది. దీని బొచ్చు తీయిచ్చేస్తాం" అంది. ఆ గొంతులో ఉన్నదంతా ప్రేమే. సరిగ్గా అందుకే నాకు భయమేసింది. కూర్చోబెట్టి పై కథంతా చెప్పాను. కత్తెర వద్దని, రాలే లోపలి బొచ్చును దువ్వి తీసేయమని, తెల్లారకముందే పరుగెత్తించి పగలంతా చల్లటి గదిలో ఉంచమని, కరెంటు పోతే ఏం చేస్తావో ఇప్పుడే ఆలోచించుకోమని, మిగతాది పశువుల డాక్టర్‌ను అడగమని చెప్పాను. ఇది కావలి కాస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే నమ్మొద్దన్నాను. కొనకముందే ఈ మాటలు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఆ అమ్మాయి అంది.

కుక్కలను అమ్మేవాళ్లను నేను నమ్మను, ముద్దుగా ఉందని కొనేవాళ్లను నమ్మను. అయితే అందరికంటే ఎక్కువగా నమ్మనిది ఇంకొకరిని. ఏ ప్రాణినైనా చూసి నా మనసు కరిగి, దీనికి ఏం కావాలో నాకు తెలుసులే అని లోపలి నుంచి ఒక మాట వస్తుంది చూడండి, ఆ మాట అన్న మనిషిని. ఆమె చేతిలో కత్తెర ఉందేమోనని ఇప్పటికీ ముందు అదే చూసుకుంటాను.