కబురు కోసం పులివెందులదాకా

మా ఆయన జీవరత్నం కువైట్‌లో డ్రైవరు. నాలుగు నెలలుగా ఫోన్ లేదు. అంతకు ముందు, ఆయనకు సెలవుండే శుక్రవారం వచ్చిందంటే, ప్రొద్దుటూరులో మా ఇంట్లో నేను పొయ్యి ఆర్పేసి మరీ ఫోన్ పక్కన కూర్చునేదాన్ని. ఇప్పుడు శుక్రవారం అంటేనే భయం. వీధిలోవాళ్లు ఊరుకుంటారా? ఆడ ఇంకో సంసారం పెట్టుంటాడని ఒకామె, జైల్లో ఉన్నాడేమోనని ఇంకొకామె. ఇంతలో తెలిసింది, ఆయనతో ఒకే గదిలో ఉన్న మస్తాన్ అనే మనిషి సెలవు మీద పులివెందులకు వచ్చాడని, పగలంతా తన చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, ఉంటాడని. ఇంట్లో కూర్చుని లేనిపోనివన్నీ ఊహించుకునే కంటే పోయి వినడమే మేలనుకుని బయలుదేరాను.

ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు నేరుగా పోయే బస్సులున్నాయి. నేను మాత్రం జమ్మలమడుగు మీదుగా చుట్టు దారి పట్టాను. నిజం చెప్పాలంటే, ఆ కబురు వినడానికి భయం. జమ్మలమడుగులో పాత మిషన్ ఆసుపత్రి దగ్గర్లోని చర్చిలోనే మా పెళ్లి జరిగింది. ఒక్కసారి అక్కడ మోకరించి పోతే కొంచెం ధైర్యం వస్తుందనుకున్నాను. పొద్దున ఏడింటికి పల్లెవెలుగు బస్సెక్కితే గంటలోపే చేరుకోవచ్చు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులుండవు. నేను సంచిలో కార్డు వెతుకుతుంటే కండక్టరు, "నిదానంగా సూడుమ్మా, బస్సేమీ పారిపోదు" అన్నాడు. బస్టాండు బయట బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ వేడిగా దొరుకుతాయి. నలభై రూపాయలిస్తే కడుపు నిండుతుంది. నేను సగం తిని సగం వదిలేశాను.

ఆ రోజు చర్చిలో కనిపెట్టు కూడిక జరుగుతోంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ఇందులో పాట ఉండదు, పైకి ప్రార్థన ఉండదు. దేవుడు మాట్లాడేదాకా మౌనంగా కూర్చుంటారు. మా బైబిలు భాషలో కనిపెట్టడమంటే ఎదురుచూడటం. పదిమంది దాకా ఆడవాళ్లున్నారు, చాపల మీద కళ్లు మూసుకుని. నేనూ కూర్చున్నాను కానీ నా లోపల మౌనమెక్కడిది? 'ఆయన్ని ఇవ్వు, లేదంటే లేడని చెప్పు, రెండింట్లో ఏదో ఒకటి తేల్చు' అని దేవుడితో ఒకటే తగువు. కూడిక అయ్యాక పాస్టరమ్మ నా పక్కకు వచ్చి కూర్చుంది.

"ఏమైనా తెలిసిందా పాపా?"

"లేదుమ్మా. ఇయ్యాల పులివెందులకు పోతాండా, అడిగేదానికి."

"పోయి రా. కనిపెట్టుకోని ఉండు. దేవుడు ఆలస్యం చేస్తాడేమో గానీ మరిచిపోడు."

నాకు కోపం వచ్చింది. ఆమె భర్త చర్చి వరండాలో కుర్చీలు సర్దుతున్నాడు, ఆమె పిలిస్తే పలికేటంత దూరంలో. తన మొగుడు కళ్లెదుట ఉండగా నన్ను ఎదురుచూడమని చెప్పడం ఎంత సులువు! పైకి మాత్రం వందనాలు చెప్పి వచ్చేశాను.

పదకొండున్నరకు పులివెందుల బస్సు దొరికింది. ముద్దనూరు మీదుగా రెండు గంటల ప్రయాణం. ఎండ ఎడమ కిటికీల మీద పడుతోంది గనక కుడివైపు కూర్చున్నాను. దారంతా ఎర్రటి బీడు, మధ్యలో ఎక్కడో బోరు పడిన చోట ఒక్కటే పచ్చటి మడి. మా ఆయన బట్టలు నేను ఇప్పటికీ బీరువాలోంచి తీసి, ఎండేసి, మళ్లీ మడత పెడుతుంటాను. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారు. కానీ ఆ పని చేస్తున్నంతసేపు ఆయన స్నానానికి పోయినట్టే ఉంటుంది.

పులివెందుల బస్టాండులో చీనీ తోటకు పోవాలని ఆటో మాట్లాడుకున్నాను.

"ఎవురి తోటక్కా?" అన్నాడు డ్రైవరు.

"కువైట్ నుంచి వచ్చినాడే మస్తాన్, ఆయనది."

"కువైట్ నుంచి రానోళ్లు ఎవురుండారక్కా ఈడ? ఎక్కు, అడుక్కుంటా పోదాం" అని నవ్వాడు. ఇద్దరిని అడిగి దారి పట్టుకున్నాడు. నూట యాభై తీసుకున్నాడు, తిరిగి తీసుకుపోవడానికి ఆగుతానన్నాడు.

మస్తాన్ చీనీ చెట్ల కింద డ్రిప్పు పైపులు సరిచేస్తున్నాడు. జీవరత్నం భార్యనని చెప్పగానే చేతులు కడుక్కుని మంచం వాల్చాడు. కూర్చోకుండానే అడిగాను, "అన్నా, ఆయన బాగున్నాడా?"

"బాగుండాడక్కా."

అంతే. ఆ ఒక్క మాట నాకేం చాలుతుంది? ఎక్కడున్నాడని అడిగితే, యజమాని ఎడారిలో గొర్రెల దొడ్డి కాడికి పంపించాడని, ఆడ సిగ్నల్ రాదని, గదిలో ఎవురికీ ఆ తర్వాత కబురు లేదని చెప్పాడు. నిజమా, నన్ను ఓదార్చడానికి కల్పించి చెప్పాడా? తెలియలేదు. ఏమడగాలో తోచక, "గదిలో ఉన్నప్పుడు పొద్దున లేస్తానే ఏం చేస్తాండె?" అన్నాను.

మస్తాన్ ముఖం ఒక్కసారిగా విప్పారింది. "అది అడుగక్కా! నేను నమాజుకు లేసేటప్పటికే మీ ఆయన మంచం మీద కండ్లు మూసుకోని కూర్చోనుంటాడు. నోట్లో మాట ఉండదు. ఒకనాడు ఏం చేస్తాండావప్పా అంటి. కనిపెడతాండా అన్యాడు. పాపం ఏం పోగొట్టుకున్యాడో అనుకోని నేను లైటేసి మంచం కింద దూరితి. పరుపెత్తితి, చెప్పులు దులిపితి. గదిలో వాళ్లంతా లేసి, ఏంది పోయింది, ఏంది పోయింది అని వాళ్లూ వెతకబట్టిరి. నీ మొగుడు నవ్వలేక సచ్చినాడు. ఏం పోలేదు మస్తానూ, నా దేవుడు పలికేదాకా కూర్చోనుండా అన్యాడు. అయితే ఇంకోసారి వెతికే పనుంటే ముందే చెప్పు, అందరి నిద్ర చెడగొట్టాకు అంటి."

నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. మస్తాన్ తల వంచుకుని పైపు సరిచేస్తున్నట్టు నటించాడు. వచ్చేటప్పుడు సంచినిండా చీనీకాయలు పోసి, "ఆయన రేపో మాపో పలుకుతాడక్కా, ఇన్షా అల్లా" అన్నాడు.

ఇది రాస్తున్న రోజు వరకు ఫోన్ రాలేదు. నా కష్టం తీరిందని చర్చిలో సాక్ష్యం చెప్పడానికి నాకింకా ఏమీ లేదు. ఆయన కావాలి నాకు, ఆ గొంతు కావాలి, పక్కన మంచం కిర్రుమనాలి. దేవుడి మీద కోపం కూడా అంతా పోలేదు. కానీ నన్ను మరిచిపోయాడని మాత్రం ఇక అనలేను. మరిచిపోయినవాడైతే, పరాయి దేశంలో నా మనిషి పక్క మంచానికి, ఆయనదేదో పోయిందని తెల్లారకముందే లైటేసి వెతికే మనిషిని ఎందుకు పెడతాడు?

మీరూ ఇట్లా మీవాళ్ల కబురు అడగడానికి ఎవరి దగ్గరికైనా పోతుంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. బాగున్నాడా అని అడగొద్దు, ఎవరైనా బాగున్నాడనే అంటారు. పొద్దున లేస్తానే ఏం చేస్తాడని అడగండి.