కుడికంటి మచ్చ

నా చిన్నప్పుడు, మేము చిక్కడపల్లిలో అద్దెకు ఉండే రోజుల్లో, ఒక జ్వరం తగ్గుతూ తగ్గుతూ నా కుడికంట్లోకి దిగింది. కన్ను ఎర్రబడి నీళ్లు కారేవి. వెలుతురు చూస్తే సూదులతో పొడిచినట్టుండేది. కళ్లకలక అనుకుని నాన్న వీధి చివరి మందుల షాపు నుంచి చుక్కల మందు తెచ్చారు. వేసిన మర్నాటికే ఎరుపు తగ్గింది. అమ్మ ఊపిరి పీల్చుకుని నన్ను బడికి పంపింది.

ఎరుపు పోయింది కానీ చూపు మసకబారుతూ వచ్చింది. ఒకరోజు తల దువ్వుతూ అమ్మ నా నల్లగుడ్డు మీద తెల్లటి పొర చూసి, జడ సగంలోనే వదిలేసి నాన్నను కేకేసింది.

నారాయణగూడలో ఒక కంటి డాక్టరమ్మ ఉండేవారు. ఆమె చీకటిగదిలో మెలితిప్పిన దూదిపోగు కొసను నా కంటికి తాకించారు. "తాకిందా బిడ్డా?" అని అడిగితే, "ఇంకా పెట్టలేదుగా" అన్నాను. ఆమె దూదిపోగు పక్కన పెట్టారు. తరువాత కంట్లో పసుపు రంగు మందు వేసి, నీలి వెలుగులో అద్దాల మిషన్ గుండా పరీక్షించారు. నాన్నను కూడా చూడమన్నారు. కొమ్మలు వేసిన పచ్చటి గీత ఒకటి నల్లగుడ్డు మీద మెరుస్తూ, నడుమ మడుగులా వెడల్పయి కనిపించిందని నాన్న చాలా ఏళ్ల తరువాత చెప్పారు.

"ఇది వైరస్ పుండు సార్. ఆ చుక్కలు ఎరుపు తగ్గించినయి గానీ లోపల పుండును పెంచినయి," అని ఆమె తన స్టూలు నావైపు తిప్పుకున్నారు.

"చిన్నపిల్ల, దానికెందుకండీ ఇవన్నీ," అన్నారు నాన్న.

"కన్ను ఆ పిల్లది కదా సార్. ఇది మళ్ల వస్తది. వస్తే ముందు తెలిసేది ఆమెకే."

నా చేతులు పట్టుకుని చెప్పారు. "పుండు మానుతది బిడ్డా. మచ్చయితే పోదు. ఈ కన్నుతోని ఇదివరకటి లెక్క కనబడదు. ఇంకా పాడుగాకుండ మందుతోని ఆపుదాం. పెద్దయినాక, చనిపోయినోళ్లు ఇచ్చిన కంటిపొర దొరికితే మార్చి చూడొచ్చు. అది నిలుస్తదని మాటియ్యలేను."

నేను ఏడ్చాను. ఆమె ఆపమనలేదు.

ఇంటికి వచ్చిన చుట్టాలందరూ అంతా సర్దుకుంటుందనే అన్నారు. వాళ్లు అలా అన్నప్పుడల్లా నాకు భయం ఎక్కువయ్యేది. డాక్టరమ్మ మాట గుర్తు చేసుకుంటే ఏడుపొచ్చేది కానీ భయం ఉండేది కాదు. వేళకు నేనే గుర్తు చేసి మందు వేయించుకునేదాన్ని. పుండు మానింది, మచ్చ మిగిలింది. హైస్కూల్లో ఉండగా మళ్లీ వచ్చింది. ఈసారి నొప్పి లేదు, ఎండ మాత్రం గుచ్చుకుంది. ఆ పూటే వెళ్లాను కాబట్టి ఉన్న చూపైనా దక్కింది. పెళ్లయ్యాక మార్చిన పొర ఎక్కువ కాలం నిలవలేదు. బాధపడ్డాను కానీ, ఎవరో మోసం చేశారని అనిపించలేదు.

నిరుడు, ఇక లాభం లేదని డాక్టర్లు మాకు చెప్పాక, మా ఆయన ఆస్పత్రి మంచం మీద నుంచి, "నాకు తగ్గుతుందా?" అని అడిగారు. తగ్గుతుందని చెప్పి పిల్లలు అప్పుడే బయటికి వెళ్లారు. నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని, తగ్గదని చెప్పాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. తరువాత, "అయితే ఇంటికి పోదాం," అన్నారు. తీసుకొచ్చేశాను.