నాలుగు నెలలకు సరిపోయే డిస్కు

మా ఇంట్లో టీవీ కింద ఒక నల్ల పెట్టె ఉంది. డిష్ కనెక్షన్‌తో పాటు పెట్టించుకున్న రికార్డరు. మనం ఇంట్లో లేకపోయినా, సీరియల్ వచ్చే వేళకు తనంతట తానే దాన్ని రికార్డు చేసి పెడుతుంది. ప్రొద్దుటూరులో మా వీధికంతా మొదట దాన్ని తెచ్చుకున్నది మేమే. గొప్పకు తెచ్చుకోలేదు. నేను చిలమకూరు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో స్టోర్స్ గుమాస్తాని. బస్సు దిగి ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటేది. సాయంత్రం వచ్చే నాలుగు సీరియళ్ళను నేను లేకుండా చూడటానికి నా భార్య ఒప్పుకునేది కాదు. ఒక్కతే కూర్చుని ఏడవడం ఆమెకు నచ్చదట. ఏడుస్తుంటే పక్కన తిట్టడానికి ఒక మనిషి ఉండాలట. అందుకని నేను వచ్చాక అన్నాలు తింటూ, ప్రకటనలు దాటేస్తూ చూసేవాళ్ళం. ఆమె ఏడ్చేది, నేను తిట్టేవాణ్ణి. అలా పదకొండేళ్ళు నడిచింది.

ఆమె జమ్మలమడుగులో ఉన్న మా అక్క కూతురే. పెళ్ళయ్యాక కూడా నన్ను మామా అనే పిలిచేది. నా సంగతి మా అక్క కంటే ఆమెకే బాగా తెలుసు. ముప్పై ఏళ్ళు స్టోర్స్‌లో కూర్చున్నవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎంత కావాలో అంతే తెప్పిస్తాడు. ఒక్క బోల్టు ఎక్కువ వచ్చినా వాడికి మనసు కుదురుగా ఉండదు. మా కూతురి పెళ్ళికి వచ్చేవాళ్ళను లెక్కవేసి విస్తళ్ళు తెచ్చిన ఘనుణ్ణి నేను. ఆఖరి పంక్తికి పన్నెండు తక్కువయ్యాయి. ఆ ముచ్చటను ఆమె పులివెందులలో మా వియ్యాలవారి ముందు కూడా చెప్పి అందరినీ నవ్వించింది. నేను ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నాను.

పోయిన ఏడాది ఎండాకాలం చివర ఆమెకు కడుపులో గడ్డ ఉందని తేలింది. తిరుపతి ఆసుపత్రిలో డాక్టరు నన్ను ఒక్కణ్ణే లోపలికి పిలిచి, బాగా ముదిరిపోయింది, నాలుగు నెలలు, మహా అయితే ఐదు అన్నాడు. ఆమెకు చెప్పడమా మానడమా అన్నది నా ఇష్టమన్నాడు. చెప్పకూడదని అక్కడే అనుకున్నాను. బయటికి వచ్చి, మందులు వాడితే తగ్గుతుందన్నాను. నమ్మింది. నమ్మి, ఆసుపత్రి ఎదురుగా హోటల్లో రెండు పూరీలు తినింది. చాలా రోజుల తర్వాత ఆమె అలా తినడం చూసి, నేను చేసింది మంచిపనే అనుకున్నాను.

వైద్యానికి నెలకు పది రోజులు తిరుపతిలో ఉండాలి. ఆమె బెంగంతా సీరియళ్ళ మీదే.

"పెట్టె నిండిపోయినాది మామా. తుడిపేయాల్నా అని అడుగుతాంది. మనం తిరుపతిలో ఉంటే చూడనివి ఎన్ని పోతాయో! దాని ఎనకమాల ఇంగొక హార్డ్ డిస్కు తగిలిస్తే పడతాయంట. పక్కింటామె చెప్పింది. తగిలిస్తే, వచ్చినాక తీరిగ్గా కూచోని చూడొచ్చు."

వచ్చినాక అని ఆమె అన్నప్పుడల్లా నేను లోపల నెలలు లెక్కపెట్టుకునేవాణ్ణి. సరేనన్నాను. ఆ వారమే ఇద్దరం జమ్మలమడుగుకు మా అక్కను చూడటానికి బయలుదేరి, దారిలో ఒక ఎలక్ట్రానిక్స్ అంగడి దగ్గర ఆగాము. అంగడాయన కువైటులో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చిన ముస్లిం. ఓపికస్థుడు. ఆమెను చూసి కుర్చీ వేయించి, ఫ్యాను అటు తిప్పాడు. తర్వాత నా ముందు రెండు డిస్కులు పెట్టాడు.

"ఒక మాట ముందే చెప్తాండా అప్పా. తగిలించంగానే ఆ పెట్టె దీన్ని తనకు తగ్గట్టు మార్చుకుంటాది. ఇంగ దీన్ని కంప్యూటర్లో పెట్టినా, ఇంగొకరింటి పెట్టెకు పెట్టినా బొమ్మ రాదు. ఆ పెట్టెలోనే చూసుకోవాల. దినానికి ఎన్ని గంటలు రికార్డు చేస్తారు మీరు?"

"రెండు గంటలు."

"అట్లయితే ఈ చిన్నది నాలుగు నెలలు వస్తాది. పెద్దది పెట్టుకుంటే ఏడాదిన్నర దాకా చూసుకునే పనిలేదు. ఏది ఇయ్యమంటావు?"

"చిన్నదే ఇయ్యి. నాలుగు నెలలకు సరిపోతే చాలు. అంతకు మించి మాకు అక్కర్లేదు."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు అని రాస్తే అబద్ధమవుతుంది. తెలుసు. ఎవరైనా ఎంత కావాలని అడిగితే, లెక్క వేసి కచ్చితంగా చెప్పడం నా నోటికి అలవాటు. లోపల దాచుకున్న నాలుగు నెలలూ, ఆయన చెప్పిన నాలుగు నెలలూ సరిగ్గా కలిశాయి. కలిసినందుకు ఒక్క క్షణం నాకు తృప్తిగా కూడా అనిపించింది. ఛీ, ఏం మనిషిని నేను! ఆమె నా వెనకే, నాలుగడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని ఉన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది. తిరిగి చూశాను. ఆమె ఫ్యాను వైపు చూస్తోంది.

బస్సు ఎక్కాము. ఊరు దాటింది. నేను చేతిలో ఆ డిస్కు సంచి పట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాను. అప్పుడు అడిగింది.

"మామా, నేను దసరా చూస్తానా?"

"ఏం మాటలవి?" అన్నాను. గట్టిగానే అన్నాను. నా గొంతు నాకే దొంగగొంతుగా వినిపించింది.

"సరేలే. అమ్మకు మాత్రం చెప్పొద్దు" అంది.

జమ్మలమడుగులో మా అక్క ఆమెకు ఇష్టమని బొరుగులతో ఉగ్గాని చేసి పెట్టింది. నా భార్య తినింది, తల్లితో ఎప్పటిలాగే పోట్లాడింది, నవ్వింది. నేను మా అక్క ముఖంలోకి చూడలేక బయట చెప్పుల దగ్గర నిలబడ్డాను. మర్నాడు ఇంటికి వచ్చి డిస్కును పెట్టెకు తగిలించాను. తెర మీద వచ్చిన ప్రశ్నకు అవునని నొక్కితే, కాసేపటికి సిద్ధంగా ఉందని చెప్పింది. ఆమె రిమోట్ ఇమ్మని చెయ్యి చాపింది. రోజూ రికార్డు కావాల్సిన సీరియళ్ళ జాబితా తీసి, ఒక్కొక్కటే చదువుతూ పోయింది.

"ఇది ఇప్పట్లో అయ్యేది గాదు, తీసేస్తాండా. ఆ పిల్లకు మొగుడెవరో ఇంగా తేలనేలేదు. ఇది గూడా అంతే, నాలుగు నెలల్లో యాడ తెగుతాది? ఈ మూడోదానికైతే మొన్ననే కొత్త అత్తను తెచ్చి పెట్టినారు." ఒక్కొక్కటీ రద్దు చేసింది. నాలుగోదాని దగ్గర ఆగింది. "ఇదొక్కటి ఉండనీ. జైల్లో ఉండేవాడు బయటికొచ్చినాడు. ఇంగ తెంచేస్తారు."

నేను ఆమె చేతిలోంచి రిమోట్ లాక్కోవాల్సింది. డాక్టరు తప్పు చెప్పి ఉండొచ్చని అరవాల్సింది. ఏమీ చేయకుండా పక్కన కూర్చున్నాను. ఆ తర్వాత ఆమె ఆ సంగతి నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. డాక్టర్నీ అడగలేదు. చీరలు మూడు మూటలు కట్టి, పులివెందుల నుంచి కూతురు వచ్చినప్పుడు ఇచ్చి పంపింది. ఆ నెలల్లో ఆమెకు జ్వరాలు, వాంతులు, జుట్టు ఊడటం అన్నీ వచ్చాయి. వాటన్నిటినీ నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూసుకున్నాను. ఆమె గోడ మీది క్యాలెండరు వైపు చూసినప్పుడు మాత్రం లేచి ఇంకో గదిలోకి వెళ్ళిపోయేవాణ్ణి.

ఆ ఒక్క సీరియల్ కూడా తెగలేదు. జైలు నుంచి వచ్చినవాడికి అచ్చం వాడిలాంటివాడే ఇంకొకడు పుట్టుకొచ్చాడు. ఆ రోజు ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. "నాకంటే ముందు పోయేట్టు లేదే ఇది!" అంది. నేనూ నవ్వాను.

దసరా వచ్చింది. ఆమె చూసింది. మా ఊరి అమ్మవారిశాల గుడి దగ్గర తెలిసినవాళ్ళ అరుగు మీద కుర్చీ వేయించి కూర్చోబెట్టాను. జనం, దీపాలు, వాద్యాలు. ఊరేగింపు ముందుకు రాగానే లేచి నిలబడి దండం పెట్టుకుంది. డాక్టరు చెప్పిన లెక్క తప్పింది కదా అని నాకు పిచ్చి ధైర్యం వచ్చింది. పండుగ అయిన మర్నాడే ఆ అంగడికి వెళ్ళి, ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద డిస్కు ఇమ్మన్నాను.

"అప్పుడే నిండిందా అప్పా?" అన్నాడాయన.

"సగం గూడా నిండలేదు."

ఆయన నా ముఖం చూసి, లోపలి నుంచి పెద్ద డిస్కు తెచ్చి ఇచ్చాడు. నా జీవితంలో అవసరం లేకుండా కొన్న వస్తువు అదొక్కటే. ఇంటికి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను.

"ఇది ఎన్ని దినాలకు వస్తాది?"

"రెండేండ్లకు" అన్నాను.

ఆమె ఆ డిస్కును అటూ ఇటూ తిప్పి చూసింది. "అట్లనా" అంది. దిండు ఆనించుకుని లేచి కూర్చుని రిమోట్ తీసుకుంది. చిన్నదాన్ని తీసి పెద్దది తగిలించమంది. తనే అవునని నొక్కింది. తీసేసిన మూడు సీరియళ్ళనూ వెతికి మళ్ళీ పెట్టింది. వాటితో ఆగలేదు. ఎప్పుడూ చూడనివి, అప్పుడే మొదలైనవి ఇంకో రెండు పెట్టింది. నా సంతోషానికి హద్దు లేదు. నమ్మింది, మళ్ళీ నమ్మింది అనుకున్నాను. వంటింట్లోకి పోయి, రాని విద్య అయినా టీ పెట్టి తెచ్చాను. చక్కెర వేయడం మర్చిపోయాను. అయినా తాగింది.

కార్తీకమాసం సగంలో ఒక ఉదయం ఆమె పోయింది. మా అక్క, కూతురు, నేను పక్కనే ఉన్నాము. పెద్దగా బాధ పడలేదు.

దినాలు అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. కూతురు మాత్రం ఉంది. సాయంత్రం ఆ పెట్టెకు ఎర్రలైటు వెలిగింది. రికార్డు మొదలైంది. నాకు చూడబుద్ధి కాలేదు.

"అవన్నీ తీసేయి పాపా. చూసేదెవరు?" అన్నాను.

"తీసేయను నాయనా. అమ్మ అవి నీకోసరమే పెట్టింది." కూతురు కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ పొద్దే నాకు ఫోన్ చేసి చెప్పింది. 'మీ నాయన రెండేండ్లకు సరిపోయేది తెచ్చినాడు. నేను ఉండేది ఇంగ రెండు వారాలో మూడు వారాలో. ఇంట్లో మాటలు వినపడకుంటే ఆయన అన్నం తినడు. ఊరికే చూడమంటే చూడడు. రికార్డయి ఉంటే మాత్రం, కొన్నది వృథా పోగూడదని కూచోని చూస్తాడు. అందుకే అన్నీ పెట్టినా' అనింది."

ఆమె నన్ను సరిగ్గానే లెక్క కట్టింది. ఇప్పుడు రోజూ అన్నం కంచం పెట్టుకుని చూస్తున్నాను. ఏడ్చే మనిషి లేదు కాబట్టి తిట్టడానికి నాకు నోరు రాదు. కాని రోజూ ఒక్క మాట మాత్రం అనుకుంటాను. ఆ పొద్దు అంగట్లో నేను నోరు మూసుకుని పెద్దదే కొని ఉంటే, ఆమె ఈ సీరియళ్ళన్నీ తన కోసమే పెట్టుకునేది.