తథాస్తు దేవతలకు వీసా అక్కర్లేదు

సర్జన్ చెప్పడం ముగించేలోపే ఆవిడ దుప్పటి పక్కకు నెట్టి, కాళ్ళతో చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది. "నన్ను ఇంటికి తీసుకెళ్ళు" అంది నాతో. అంతే, ఇంకో మాట లేదు.

ఆవిడ కెనడాలోని ఏజాక్స్‌లో మా పక్కింటావిడ, నవాహో అనే అమెరికా ఆదివాసీ తెగ మనిషి. కెనడా ఆయన్ను పెళ్ళి చేసుకుని అమెరికా ఎడారి ప్రాంతం నుంచి ఇక్కడికొచ్చింది. స్కూల్లో టీచరుగా రిటైరయింది. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఇంట్లోనే ఉండి ఆవిడను చూసుకునేది ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి. ఆ అమ్మాయి "లోలా" అని పిలుస్తుంది, వాళ్ళ భాషలో అమ్మమ్మ అని. నాకూ అదే అలవాటైంది. లోలాకు గుండె వాల్వ్ మార్చాలి. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్. చేయించుకోకపోతే ఎక్కువ కాలం ఉండదని మా ఇద్దరికే చెప్పారు. ఆ కబురు విని రమ్మని మమ్మల్ని పంపింది కూడా లోలాయే. తను మాత్రం వినడానికి ఒప్పుకోలేదు.

సాయంత్రం టీ దగ్గర మా ముగ్గురికీ ఒకటే కాలక్షేపం, భాషలు పోల్చుకోవడం. ఫిలిప్పినోలో మన "అండీ" లాగే పెద్దవాళ్ళతో మాట చివర "పో" తగిలిస్తారు. చెంచాకీ, బల్లకీ స్పానిష్ మాటలు హాయిగా తెచ్చేసుకున్నారు. నవాహో వాళ్ళు అలా తెచ్చుకోవడానికి అంతగా ఇష్టపడరట. కొత్త వస్తువు వస్తే అది చేసే పనిని బట్టి సొంతంగా పేరు కట్టుకుంటారట. పైగా బంతి అందిస్తే ఒక క్రియ, తాడు అందిస్తే మరొకటి, గిన్నెలో పులుసు అందిస్తే ఇంకొకటి! "అమ్మో, మీ ఇంట్లో ఉప్పు అడిగేలోపు అన్నం చల్లారిపోతుంది" అని నేను ఏడిపించేదాన్ని. ఆ రెండు భాషలకూ బీరకాయపీచు చుట్టరికం కూడా లేదు. అయినా పంచదార డబ్బా ఎక్కడుందని అడిగితే ఇద్దరూ వేలు చూపరు, మూతి ముందుకు చాపి చూపిస్తారు. అది చూసినప్పుడల్లా నాకు నవ్వాగేది కాదు.

ఒకరోజు నేను నోరు జారాను. "ఈ మంచులో కారు జారి ఛస్తామేమో లోలా" అన్నాను. ఆవిడ కప్పు కింద పెట్టేసింది. టీ సగంలోనే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు చెప్పింది, తమవాళ్ళలో మాటంటే జరిగినదాన్ని చెప్పేది మాత్రమే కాదట, జరగబోయేదాన్ని పిలిచేది కూడానట. చెప్పక తప్పని చెడు ఉంటే ఎవరో ఒక మనిషికి జరిగినట్టు చెబుతారట. ఫిలిప్పీన్స్ అమ్మాయి ఆ కీడు తగలకూడదని గబుక్కున చెక్కబల్ల మీద టకటకా కొట్టింది. మాకూ తథాస్తు దేవతలున్నారని, మనమేదంటే దానికి తథాస్తు అనేస్తారని నేను చెప్పాను. భాషలు ఎలా ఉన్నా ఆ ఒక్క విషయంలో ముగ్గురం ఒకటే అనుకున్నాం.

ఇప్పుడు ఈ పెద్దమనిషి మంచం పక్కన నిలబడి ఏమన్నాడు? "మీకు పక్షవాతం రావచ్చు. మీ కిడ్నీలు పాడైపోవచ్చు. మీరు ఆపరేషన్ బల్ల మీదే పోవచ్చు." అన్నిటికీ మీకు, మీరు! ఒక్కో మాటకూ లోలా మొహం ఒక్కో తలుపు వేసుకుంది. ఫిలిప్పీన్స్ అమ్మాయి భయానికి కిసుక్కున నవ్వింది, భయమేస్తే అలా నవ్వేస్తుంది పాపం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన కోటు మీద పేరు చూస్తే మనవాడే. వెంటబడి వరండాలో ఆపాను.

"డాక్టరు గారూ, మీరు తెలుగువాళ్ళేనా?"

"అవునమ్మా, కాకినాడ."

"మరి మీ ఇంట్లో ఎవరైనా ప్రయాణమవుతుంటే, ఎదురెళ్ళి యాక్సిడెంట్ అవ్వచ్చు అంటారా?"

"రిస్కులు చెప్పకపోతే కన్సెంట్ సంతకం చెల్లదమ్మా. దాచమంటావా?"

"దాచమనట్లేదండీ. ఆవిడ మీద పెట్టి చెప్పకండి. ఎవరికో జరిగినట్టు చెప్పండి. వాళ్ళలో అదే పద్ధతి."

"ఇన్నేళ్ళ సర్వీసు తర్వాత నాకు మాట్లాడ్డం నేర్పుతున్నావా?"

"నేర్పుతున్నా. తథాస్తు దేవతలకి కెనడా వీసా రాలేదని మీకెవరైనా చెప్పారా?"

ఆయన మొహం ఎర్రబడింది. ఆవిడ కాదంటే సాయంత్రానికల్లా ఆ ఆపరేషన్ స్లాట్ ఇంకొకరికి వెళ్ళిపోతుందని, మళ్ళీ ఎన్నాళ్ళకో తెలియదని అన్నాడు. కోపంగానే వెనక్కి నడిచాడు. కానీ ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఒక మనిషి ఉన్నాడు" అని మొదలుపెట్టాడు. "అతని గుండె తలుపు సరిగా మూసుకునేది కాదు. ఇలాంటి ఆపరేషన్‌కే వెళ్ళాడు." మళ్ళీ అన్నీ చెప్పాడు. పక్షవాతం, కిడ్నీలు, బల్ల మీద పోవడం, ఒక్కటీ వదల్లేదు. అన్నీ ఆ మనిషి మీదే పెట్టాడు.

లోలా కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. నవాహో వాళ్ళు ఆలోచించకుండా జవాబివ్వరు. ఆయన నోరు తెరవబోతే నేను వద్దని కళ్ళతోనే ఉరిమాను.

"ఆ మనిషికి భయమేసిందా?" అంది చివరికి.

"వేసింది."

"అయినా వెళ్ళాడా?"

"వెళ్ళాడు."

ఆవిడ కాళ్ళు మళ్ళీ మంచం మీదికి తీసుకుంది. పెన్ను కోసం చెయ్యి చాపింది.

మర్నాడు పొద్దున్నుంచీ బయట కూర్చున్నాం. ఆ అమ్మాయి జపమాల తిప్పుతోంది. నేను గోళ్ళు కొరుక్కుంటూ నన్ను నేనే తిట్టుకుంటున్నాను. పోనీ ఇంటికి తీసుకెళ్ళిపోయినా బాగుండేదేమో, ఇంకొన్నాళ్ళయినా మా ఎదుట ఉండేదేమో. మధ్యాహ్నానికి డాక్టరు వచ్చాడు. మాస్కు కిందికి లాగి, మా పక్కనే కూర్చుని, నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"ఒకావిడ ఉంది..."

నా పై ప్రాణం పైనే పోయింది. ఆ పద్ధతి చెడు చెప్పడానికి కదా! ఆ అమ్మాయి గోళ్ళు నా చేతిలో దిగిపోయాయి.

"ఆవిడ గుండె బాగా కొట్టుకుంటోంది" అన్నాడు.

"ఓరి దేవుడా! డాక్టరు గారూ, మంచి మాటకి ఆ ముసుగెందుకండీ? లోలా బతికింది అనండి! గట్టిగా అనండి!"

ఆయన బిత్తరపోయాడు. ఆ తర్వాత వరండాలో అందరూ తిరిగి చూసేంత గట్టిగా, తెలుగులోనే అన్నాడు. "మీ లోలా బతికిందమ్మా!"

ఆ అమ్మాయికి తెలుగు ముక్క రాదు. నేను చెప్పేలోపే బావురుమంది.